తాత జేబులో ఫ్యూజు

మా తాతంటే కరెంటుకి కూడా భయం. నమ్మకపోతే గవరపాలెం వచ్చి ఎవరినైనా అడగండి. అనకాపల్లిలో పోయిన కరెంటు మళ్ళీ వచ్చేముందు స్తంభం మీదే కాసేపు ఆగి, మా వీధిలోకి తొంగిచూసి, "వరప్రసాదరావుగారూ, రావచ్చాండీ?" అని అడుగుతుంది. తాత "ఊఁ" అంటేనే ఊళ్ళో దీపాలు వెలుగుతాయి. ఆయనకి దగ్గొచ్చి జవాబు ఆలస్యమైతే అటు కశింకోట దాకా చీకటే.

సరే, కొంచెం ఎక్కువే చెప్పాను. కానీ వస్తానన్న కరెంటుని వద్దని గుమ్మంలోనే ఆపేసిన మనిషి, నాకు తెలిసి, మా తాత ఒక్కడే. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

తాత వడ్రంగి. మా అమ్మకి నాన్న. నేను పదో తరగతి లెక్కల్లో రెండోసారి కూడా పోయాక, అక్కడుంటే బుద్ధిగా ఉంటానని అమ్మ నన్ను తాత దగ్గరికి పంపేసింది. బుద్ధి సంగతి తెలీదు గానీ, మా అమ్మమ్మ పుష్పకుమారి వండే చేపల పులుసుకి ఒళ్ళు మాత్రం బాగా వచ్చింది.

తాత పొట్టి మనిషి. పైకి ఎగ్గట్టిన లుంగీ, పొట్టి చేతుల తెల్ల చొక్కా. మిగతా ముసలాళ్ళు చొక్కా జేబులో కళ్ళజోడో చుట్టో పెట్టుకుంటారు. మా తాత జేబులో ఉండేది ఫ్యూజు. మీటరు పక్కన బోర్డులో గుచ్చుతారే, తెల్లటి పింగాణీది, మధ్యలో రాగి తీగతో, అదే. చర్చికి వెళ్ళినా అది జేబులోనే. ప్రార్థనకి వంగినప్పుడల్లా ముందు బెంచీకి తగిలి టక్కుమనేది. చొక్కా ఉతికే ముందు అమ్మమ్మ దాన్ని తీసి కిటికీలో పెట్టేది. తాత స్నానం చేసి రాగానే తువ్వాలు కన్నా ముందు ఆయన చెయ్యి కిటికీకే పోయేది.

కరెంటు పోతే అందరి ఇళ్ళలో కొవ్వొత్తులు వెతుక్కుంటారు. మా తాత ప్లగ్గులు పీకుతాడు. టీవీ, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, చూడ్డానికి వచ్చిన చుట్టాల సెల్లు ఛార్జరు, దేన్నీ వదలడు. మా ఇంట్లో అయిపోతే పక్కింటికి వెళతాడు.

"ఓలమ్మో, పుష్పా! మీ ఆయన మళ్ళీ వచ్చి మా టీవీ పలగ్గు పీకేసేడే! నా సీరియలు సగంలో పోనాది," అని పక్కింటి అప్పలకొండమ్మ గోడ మీంచి అరిచేది.

"కరెంటు పోయినప్పుడు సీరియలు ఎలగొత్తాదే?"

"వచ్చినాక రావాలి కదేటి!"

ఒక క్రిస్మస్ కూడికలో పాస్టరుగారు మాట్లాడుతుండగా కరెంటు పోయింది. తాత లేచి మైకు, స్పీకర్లు, కీబోర్డు అన్నీ పీకేసి వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు. కరెంటు వచ్చాక పాస్టరుగారు చేతులెత్తి గట్టిగా మాట్లాడుతున్నారు, మాకు పెదాలే కనిపిస్తున్నాయి. ఆ రోజు నేను కడుపు పట్టుకుని నవ్వాను. నాతోపాటు చర్చిలో సగం మంది నవ్వారు. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. మా మావయ్య క్రాంతికుమార్ కూడా నవ్వలేదు. ఆయన ఎడం చేతిని కుడి చేత్తో కప్పుకుని కిందికి చూస్తున్నాడు.

ఆ చేతి సంగతి చెప్పాలి.

మావయ్య తాతకి ఒక్కగానొక్క కొడుకు. తాత పక్కనే పని నేర్చుకున్నాడు. ఒకసారి విశాఖపట్నం వెళ్ళి ఒక మిషను కొనుక్కొచ్చాడు.

"ఏట్రా ఇది, ఇస్త్రీ పెట్టెలాగుంది?" అన్నాడు తాత.

"జిగ్‌సా నాన్నా. సెక్కని వంపులు వంపులుగా కోత్తాది."

"నాను కొయ్యటం లేదేటి వంపులు?"

"నువ్వు కోత్తే పూటవుద్ది. ఇది కోత్తే టీ సల్లారదు."

తాతకి కోపం వచ్చి ఆ వారమంతా దాని మొహం చూడలేదట. తర్వాత ఒక రోజు మావయ్య భోజనానికి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరగా వేసి, పనికిరాని చెక్కముక్క మీద ఒక గుండ్రం కోసి చూశాడు. తర్వాత ఇంకోటి. మావయ్య తిరిగి వచ్చేసరికి షెడ్డు నిండా గుండ్రాలేనట. మధ్యలో తాత, మీసాల నిండా రంపంపొట్టు.

అప్పట్నించీ ఆ మిషను తాతదే. దానికి పద్ధతులు పెట్టిందీ ఆయనే. చెక్కని బల్లకి క్లాంపులతో బిగించాకే మిషను ముట్టుకోవాలి. మెడలో తువ్వాలు తీసి మేకుకి తగిలించాలి. కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. వైరు బ్లేడు దారిలోకి రాకుండా భుజం మీంచి వెనక్కి వేసుకోవాలి. మిషను అడుగున ఉండే ఇనప పలక చెక్కకి పూర్తిగా ఆనాలి, బ్లేడు పరుగందుకున్నాకే చెక్కని తాకాలి. వంపు దగ్గర తొయ్యకూడదు, అది వెళ్ళినంతే వెళ్ళనివ్వాలి. స్విచ్చి వదిలాక బ్లేడు పూర్తిగా నిలిచేదాకా పైకెత్తకూడదు. బ్లేడు మార్చాలంటే ముందు ప్లగ్గు బయటికి రావాలి. ఇందులో ఏది తప్పినా మావయ్య నెత్తిన మొట్టికాయ పడేది. పెళ్ళయిన కొడుకని కూడా చూసేవాడు కాదు.

ఇంత జాగ్రత్త మనిషి.

ఆ మిషను పిడికి పక్కన చిన్న బొత్తాం ఒకటి ఉంటుంది. అది నొక్కితే స్విచ్చి మీంచి వేలు తీసేసినా మిషను ఆడుతూనే ఉంటుంది. పొడుగు కోతలకి వేలు నొప్పెట్టకుండా. ఆ బొత్తాం సంగతి కనిపెట్టి మావయ్యకి చూపించింది తాతే. "సూసేవా, మన ఏలు నొప్పెడతాదని కంపెనీవోడు ఎంత ఆలోసించేడో!" అని మురిసిపోయాడట.

మావయ్య భార్య కృపాజ్యోతిది సముద్రం దగ్గరి రాంబిల్లి. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది, షెకీనా అని పేరు పెట్టారు. మూడో నెలలో పాపని తీసుకొస్తారు కాబట్టి ఆలోగా ఉయ్యాల తొట్టి చేసేయాలని తండ్రీకొడుకులు పట్టుబట్టారు. రాంబిల్లి పిల్ల కదా, తొట్టికి రెండు పక్కలా చేప బొమ్మలు ఉండాలన్నాడు మావయ్య. తాత పెన్సిలుతో చేపలు గీశాడు. ఒక చేప కోయడం అయిపోయింది. రెండోది తోక దాటి, వీపు వంపు మీదికి వచ్చింది.

అక్కడ మిషను ఆగిపోయింది.

మా ఇళ్ళలో కరెంటు పోవడం రెండు రకాలు. ఊరంతటికీ పోవడం ఒకటి, మన ఫ్యూజు కొట్టేయడం ఇంకోటి. ఫ్యూజు బోర్డు బయట వరండా గోడకి ఉంటుంది. బయటున్నవాళ్ళకి లోపల వాళ్ళు కనపడరు. అందుకని ఒక అలవాటు ఉంది. ఫ్యూజు గుచ్చినవాడు గుచ్చి, "వచ్చిందా?" అని కేకేస్తాడు. లోపలున్నవాళ్ళు "వచ్చింది" అంటారు. మీ ఇంట్లోనూ అంతే చేస్తారు కదూ? గుచ్చకముందు అడిగేవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు.

"పీజు కొట్టేసినట్టుంది. నువ్వుండు, నానేసొత్తాను," అని తాత బయటికి వెళ్ళాడు.

లోపల బొత్తాం నొక్కే ఉంది. ప్లగ్గు గోడకే ఉంది. ఆగిపోయిన మిషను చూడ్డానికి ఆపేసిన మిషనులాగే ఉంటుంది. చెక్క దాటి కిందికి దిగిన బ్లేడు ఇరుక్కుందేమో చూద్దామని మావయ్య వంగి బల్ల కిందికి ఎడం చెయ్యి పోనిచ్చాడు.

బయట తాత కొత్త తీగ చుట్టి, ఫ్యూజు గుచ్చి, కేకేశాడు.

"వచ్చిందేటిరా, కాంతీ?"

వచ్చింది.

చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. విశాఖపట్నం డాక్టర్లు చూసి, అతకడానికి వీల్లేదన్నారు. ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే తాత కాళ్ళు కూడా కడుక్కోకుండా వరండాలోకి వెళ్ళి, షెడ్డు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. షెకీనా చీర ఉయ్యాలలో పెరిగింది. ఒక చేప అటక మీదికి పోయింది. సగం చేప షెడ్డు గోడకి వేలాడింది.

మావయ్య తాతని ఒక్క మాట అనలేదు. "అనుంటే బాగుణ్ణు. తిట్టుంటే ఈయనకి నిద్దరట్టును," అనేది అమ్మమ్మ.

ఆ తర్వాత తాత చేతి రంపంతోనే పని చేశాడు. చేతి రంపం ఎంతని తెముల్తుంది? తలుపులూ కిటికీలూ చేయించుకునేవాళ్ళు మిషన్లున్న చోటికి పోయారు. తాతకి స్టూళ్ళూ పీటలూ మిగిలాయి. మావయ్య కొన్నాళ్ళు ఖాళీగా తిరిగి, అచ్యుతాపురంలో ఏదో కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. కంపెనీ బస్సు వీధి చివర హారను కొడితే టోపీ చేత్తో పట్టుకుని పరిగెత్తేవాడు. వెళ్ళేటప్పుడు షెడ్డు వైపు చూసేవాడు కాదు. తాత ఆ హారను వినపడగానే చేతిలో పని ఆపేసి, బస్సు వెళ్ళిపోయేదాకా రంపం కదపకుండా నిలబడేవాడు.

నేను ఈ ఇంటికి వచ్చాక కృపాజ్యోతి అత్తకి మళ్ళీ నెల తప్పింది. ఒక శనివారం, కంపెనీకి సెలవు. మావయ్య షెడ్డులోకి వచ్చాడు. తాత పీట కాలు చెక్కుతున్నాడు.

"నాన్నా, పీజు ఇయ్యి."

తాత చెయ్యి జేబు మీదికి పోయింది. "ఎందుకురా?"

"ఆ రెండో సేప కోసేద్దారని."

"నాను సేత్తో కోసేత్తాను, ఒగ్గీ."

"నువ్వు కాదు నాన్నా, నాను కొయ్యాలి. గేటు కాడ నిలబడి, వచ్చే కారుకీ పోయే కారుకీ సల్యూట్లు కొట్టి కొట్టి నాకు ఇసుగొచ్చేసింది. నా పని నాకు కావాలి. సెలవున్నప్పుడల్లా రూఫస్ బావ షెడ్డుకెళ్ళి కోసి సూసేను. కుదురుతాంది."

రూఫస్ అంటే అత్తకి అన్నయ్య. రాంబిల్లిలో తలుపులు చేస్తాడు.

"కుదురుతాందట," అన్నాడు తాత పీట కాలుతో. "మూడు ఏళ్ళ సేత్తో కుదురుతాందట."

వాకిట్లో చేపలు తోముతున్న అమ్మమ్మ కత్తిపీట పక్కకి పెట్టి లేచింది. "ఇచ్చీండి. పోయినియ్యి వోడి ఏళ్ళు. బయ్యం మీకేటండీ?"

తాత పీట కాలు పక్కన పెట్టాడు. చివరికి, "ఏదీ, సేసి సూపించు. పలగ్గు పెట్టకండా," అన్నాడు.

మావయ్య సగం చేపని గోడ మీంచి దించి దుమ్ము తుడిచాడు. బల్ల మీద పెట్టి క్లాంపులు బిగించాడు. ఎడం చేత్తో క్లాంపు తిప్పుతుంటే వేళ్ళు లేని చోట అది జారిపోతోంది. బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించి మళ్ళీ తిప్పాడు. చెక్క కదలకుండా నిలిచింది. తువ్వాలు మేకుకి, అద్దాలు కళ్ళకి, వైరు భుజం మీదికి. స్విచ్చి నొక్కి వదిలి, బొత్తాం బయటికే ఉందని చూపించాడు. మొట్టికాయకి తాతకి ఒక్క సందు దొరకలేదు.

తాత వరండాలోకి వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అక్కణ్ణించి ఇద్దరూ కనిపిస్తారు.

"పలగ్గు పీకే ఉందేటిరా?" బయట్నించి తాత.

"పీకే ఉంది నాన్నా."

"బొత్తాం?"

"ఒగ్గేసే ఉంది."

"సెయ్యేదీ?"

"జేబులో ఎట్టుకున్నాను."

తాత చెయ్యి బోర్డు దాకా లేచింది. ఫ్యూజు సందుకి తగిలి టక్కుమంది. చెయ్యి దిగిపోయింది.

"పలగ్గు మళ్ళీ ఓసారి సూడు."

"నా సేతిలోనే ఉంది నాన్నా. ఇదిగో." మావయ్య ప్లగ్గుని కిటికీ చువ్వల్లోంచి బయటికి పెట్టి ఊపాడు.

"తాతా, నేనూ చూస్తున్నాను. పీకే ఉంది," అన్నాను.

"నువ్వు నోరు ముయ్యవే, గుంటా. కాంతీ, సెయ్యేదిరా?"

"జేబులోనే ఉంది నాన్నా."

మళ్ళీ చెయ్యి లేచింది, మళ్ళీ దిగింది. మళ్ళీ ప్లగ్గు, మళ్ళీ బొత్తాం, మళ్ళీ చెయ్యి. అడిగినప్పుడల్లా మావయ్య విసుక్కోకుండా, నిద్రపోని పిల్లకి చెప్పినట్టు అదే జవాబు చెప్పాడు. నాకు మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. అడగ్గా అడగ్గా తాత గొంతు సన్నబడిపోయింది. ఇక అడగడం ఆగిపోయింది.

తాత గోడకి చేరబడి కింద కూర్చుండిపోయాడు. ఫ్యూజు గుప్పిట్లోనే ఉంది.

"నా సెయ్యి రాటంలేదురా," అన్నాడు.

మావయ్య బయటికి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పోనీ నాకియ్యి నాన్నా. నానే ఏసుకుంటాను."

తాత గుప్పిట బిగించాడు. మావయ్య దాన్ని విప్పబోయాడు, ఎడం చేత్తో. ఆ మొండి వేళ్ళు చేతి మీద ఆనగానే తాత వాటిని చూశాడు. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా ఆయన వాటిని చూసి ఉండడు. ఏడవలేదు. గుప్పిట ఇంకా గట్టిగా, గోళ్ళు అరచేతిలో దిగేంత గట్టిగా బిగుసుకుంది. మావయ్య తన చెయ్యి తీసేసుకున్నాడు.

లోపలికి వెళ్ళి క్లాంపులు విప్పాడు. మిషనూ సగం చేపా తువ్వాల్లో చుట్టుకున్నాడు. అటక మీది చేప కూడా దించుకున్నాడు.

"నాను రాంబిల్లి ఎల్లిపోతాను నాన్నా. కోపం కాదు. అక్కడ పీజు ఉంది."

చెప్పినట్టే కంపెనీ మానేసి, షెకీనాని, అత్తని తీసుకుని అత్తవారి ఊరు వెళ్ళిపోయాడు. వీధి చివర హారను మోగడం మానలేదు. వేరేవాళ్ళ కోసం మోగుతుంది కదా. అది వినపడినప్పుడల్లా తాత ఇప్పటికీ రంపం ఆపేస్తాడు.

అత్తకి మగపిల్లాడు పుట్టాడని కబురొస్తే ముగ్గురం బస్సెక్కి రాంబిల్లి వెళ్ళాం. అమ్మమ్మ బాబుని ఎత్తుకుంది. తాత బాబుని చూడకుండా తొట్టి దగ్గరికి వెళ్ళాడు. రెండు పక్కలా రెండు చేపలు. తాత వేలు రెండో చేప తోక దగ్గర మొదలై వీపు మీదికి పాకి, ఒక చోట ఆగింది. అక్కడ చిన్న బొడిపె. పాత కోత ఆగిపోయి కొత్త కోత మొదలైన చోటు.

"ఇక్కడ గరుకు కాయితం ఎయ్యలేదేట్రా?"

"ఎయ్యలేదు నాన్నా. ఉండనీ."

తాత వేలు అక్కడే పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం మావయ్య పక్కనే ఉన్న రూఫస్ షెడ్డులో ఏదో కోస్తున్నాడు. ఉన్నట్టుండి మిషను మోత ఆగిపోయింది, తల మీద ఫ్యాను నెమ్మదించింది. తాత దిగ్గున లేచాడు. ఆయన గడప దాటకముందే షెడ్డు గుమ్మంలోకి మావయ్య వచ్చాడు. ప్లగ్గు కుడి చేత్తో పైకెత్తి తాతకి చూపించాడు. తాత అది చూసి మళ్ళీ కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా ఆయన చెయ్యి జేబు మీదే ఉంది.

ఇప్పుడు షెడ్డులో బల్ల మీద పిల్లి పడుకుంటోంది. క్లాంపులు బిగించిన చోట చెక్క మీద గుంటలున్నాయి. తాత పొద్దున్నే వెళ్ళి ఊడ్చి వస్తాడు. ఊడ్చడానికి రంపంపొట్టు లేకపోయినా ఊడుస్తాడు.

ఇదంతా రాసి ఆయనకి చదివి వినిపించాను. కరెంటు ఆయన్ని అడిగే చోట అమ్మమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఫ్యూజు గుచ్చి కేకేసిన చోట లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. చివరిదాకా విన్నాడు. జేబులోంచి ఫ్యూజు తీసి, తీగ బిగువుగా ఉందో లేదో గోటితో మీటి చూశాడు.

"తాతా, మావయ్యకి ఫోన్ చేసి రమ్మననా?" అన్నాను. "నువ్వు వేయక్కర్లేదు. ఆయనే వేసుకుంటాడు. నువ్వు చేతిలో పెడితే చాలు."

తాత ఫ్యూజుని చూశాడు. తర్వాత గోడకి ఛార్జింగులో ఉన్న నా సెల్లు వైపు చూశాడు.

"సెయ్యి," అన్నాడు. "ముందు ఆ సార్జరు పీకి సావు."